పందుల దాణాలో గింజ ఎంత మెత్తగా ఉండాలి? పేడ కడిగితే తెలిసిన సంగతి

పై వీడియోలో నేను పంది పేడని జల్లెడలో వేసి నీళ్లతో కడుగుతుంటే కొందరికి నవ్వు రావచ్చు. నవ్వినా పర్వాలేదు, చివరిదాకా చూడండి. జల్లెడలో మిగిలిన పసుపు ముక్కలన్నీ నేను డబ్బులు పెట్టి కొన్న మొక్కజొన్నే.

ప్రకృతి సేద్యంలోకి వచ్చిన కొత్తలో నాకొక మొండి నమ్మకం ఉండేది. అడవిలో జంతువుకి ఎవరు మర పట్టి పెడుతున్నారు? గింజని గింజలాగే పెడితే పేగులు గట్టిపడతాయి కదా అని. కొరియా సహజ సేద్యంలో కోడిపిల్లలకి మొదటి నుంచే ముడి బియ్యం వేస్తారని తెలిశాక ఆ నమ్మకం ఇంకా బలపడింది. మా పెరట్లో నాటుకోళ్లు కూడా గింజల్ని అలాగే మింగి ఏపుగా పెరుగుతున్నాయి. అందుకని పందులకి కూడా మొక్కజొన్న రెండు మూడు ముక్కలయ్యేలా మాత్రమే పట్టించి, తవుడు, వేరుశనగ చెక్క కలిపి వేసేవాణ్ణి.

నేను మర్చిపోయిందేంటంటే, కోడికి కందనకాయ ఉంది. అది మింగిన చిన్న రాళ్లతో గింజని లోపలే నూరుకుంటుంది. ఆవుకి నాలుగు అరల పొట్ట ఉంది, నెమరేస్తుంది. పందికి ఈ రెండూ లేవు. మనకున్నట్టే ఒకటే పొట్ట. పళ్లతో నమలడమే దాని మర. తొట్టి దగ్గర పక్కదాంతో పోటీ పడి గబగబా మింగే పంది ఎంత నములుతుందో మీరే చూసుంటారు.

గింజలోని పిండి పదార్థం అరగాలంటే జీర్ణరసాలు దానికి తగలాలి. అవి పైపొర నుంచి లోపలికి పనిచేసుకుంటూ పోతాయి. లెక్క చెప్తాను. ఒక సెంటీమీటరు ఘనాన్ని తీసుకుంటే దాని ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్నే ఒక్కో మిల్లీమీటరు ఘనాలుగా కోస్తే 1000 ముక్కలొస్తాయి, మొత్తం ఉపరితలం 60 చదరపు సెంటీమీటర్లు అవుతుంది. తిండి అంతే, రసాలు తగిలే చోటు మాత్రం పదింతలు. పెద్ద ముక్క పేగుల్లో ఉండే కాసేపట్లో పైపైన అరిగి, లోపలి భాగం అలాగే పేడలోకి వచ్చేస్తుంది.

దాణా ముక్క సైజుని మైక్రాన్లలో చెప్తారు. 1000 మైక్రాన్లు అంటే ఒక మిల్లీమీటరు. అమెరికాలో కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు దీనిమీద చాలా ఏళ్లుగా పని చేశారు. పెరిగే పందులకి మొక్కజొన్న సగటు సైజు ప్రతి 100 మైక్రాన్లు తగ్గినప్పుడు మేత వినియోగం సుమారు ఒక శాతం మెరుగవుతుందని వాళ్ల లెక్క. మామూలు పొడి దాణాకి 600 నుంచి 700 మైక్రాన్లు మంచిదని చాలామంది చెప్పే మాట.

ఒక శాతమేగా అనకండి. పంది 30 కిలోల నుంచి 90 కిలోలకి రావాలి, కిలో బరువుకి మూడున్నర కిలోల దాణా తింటుంది అనుకుందాం. 210 కిలోలు అయింది. సైజు 1000 నుంచి 600కి తెస్తే నాలుగు శాతం, అంటే పందికి 8 కిలోల పైనే మిగులు. 40 పందులుంటే 330 కిలోలు దాటుతుంది. మీ ఊరి రేటుతో మీరే గుణించుకోండి. ఒక్కటి గుర్తుంచుకోవాలి, ఇక్కడ లాభం ఎక్కువగా మేత మిగలడంలోనే కనిపిస్తుంది. పంది ఒక్కసారిగా ఉబ్బిపోతుందని ఆశపడొద్దు. ముక్క పెద్దదైతే అది ఇంకాస్త ఎక్కువ తిని సర్దుకుంటుంది, ఆ ఎక్కువ తిన్నది మన జేబులోంచే పోతుంది.

ఇది తెలిశాక నేను ఇంకో తప్పు చేశాను. మొదటి దానికంటే పెద్దది.

సన్నగా ఉంటే మంచిదన్నారు కదా, ఇంకా సన్నగా ఉంటే ఇంకా మంచిది అనుకున్నా. పిండి మరకి తీసుకెళ్లి రొట్టెల పిండిలాగా పట్టించాను. "ఇంత మెత్తగా ఎందుకన్నా, మనుషులకా పందులకా?" అని మర దగ్గర కుర్రాడు అడిగాడు కూడా. విని ఉంటే బాగుండేది. కొన్ని వారాలకి దాదాపు 70 కిలోలున్న పంది ఒకటి తినడం తగ్గించింది, చెవులు పాలిపోయాయి, పేడ తారులాగా నల్లగా వచ్చింది. నేను వేడి చేసిందేమో అనుకుని మజ్జిగ తాగించాను. నాలుగో రోజు పొద్దున చచ్చిపోయి ఉంది. పశువుల డాక్టరు గారు కోసి చూపించారు. పొట్ట నిండా రక్తం. అన్నవాహిక వచ్చి పొట్టలో కలిసే చోట పెద్ద పుండు.

అక్కడే ఎందుకు అంటే, పంది పొట్టలో ఆ కాస్త భాగానికి కాపాడే జిగురు పొర ఉండదు. దాణా గరుగ్గా ఉన్నప్పుడు పొట్టలో ముద్దగా కూర్చుంటుంది, కింది భాగంలో పుట్టే ఆమ్లం కిందే ఉంటుంది. మెత్తటి పిండి అయితే లోపలంతా పల్చటి జావ అయిపోయి ఆమ్లం పైదాకా కలిసిపోతుంది. పాలిపోవడం, నల్ల పేడ కనిపిస్తే మజ్జిగలతో కాలయాపన చేయకండి, ఆ రోజే డాక్టరుని పిలవండి. నేను చేయలేదు.

పిండితో చిన్న కష్టాలు కూడా ఉన్నాయి. దుమ్ము లేస్తుంది, పందులు దగ్గుతాయి. తొట్టి మూలల్లో గట్టకట్టి పులుస్తుంది. మరకి కరెంటు కూడా ఎక్కువ.

ఇప్పుడు హ్యామర్ మిల్లులో 3 మిల్లీమీటర్ల జల్లెడ పెట్టి పట్టిస్తున్నాను. 3 మిల్లీమీటర్ల రంధ్రం అంటే ముక్క కూడా అంతే ఉంటుందనుకోవద్దు, సుత్తులు కొట్టి కొట్టి చాలా చిన్నవై బయటికొస్తాయి. చేతిలోకి తీసుకుంటే సన్నటి ఇడ్లీ రవ్వలా ఉండాలి. గుప్పెట్లో నలిపితే వేళ్లకి పిండి పౌడరులా అంటుకుంటే మరీ మెత్తనైనట్టు. మధ్యలో మొత్తం గింజలు కనిపిస్తే జల్లెడ చిరిగిందేమో చూడండి. సుత్తుల అంచులు అరిగితే తిప్పి బిగించాలి, రెండో వైపు కూడా అరిగితే మార్చాలి. మా దగ్గర ఒకసారి జల్లెడలో రూపాయి బిళ్లంత చిరుగు పడితే పది రోజులు ఎవరూ గమనించలేదు. పేడ కడిగితేనే బయటపడింది.

జొన్న గింజ చిన్నది, గట్టిది, జల్లెడలోంచి సులువుగా జారిపోతుంది. దానికి ఇంకాస్త చిన్న రంధ్రాల జల్లెడ కావాలి. నూకలు ఎలాగూ చిన్న ముక్కలే, పెద్దగా పట్టించనక్కర్లేదు. ముక్కలన్నీ దగ్గర దగ్గర సైజులో ఉంటే ఖనిజ లవణ మిశ్రమం, ఉప్పు సమంగా కలుస్తాయి. లేకపోతే పందులు పెద్ద ముక్కలు ఏరుకుని తిని, మిశ్రమాన్ని తొట్టి అడుగున వదిలేస్తాయి. మొత్తం గింజల్ని రాత్రంతా నానబెట్టి కూడా చూశాను. మెత్తబడ్డాయి గానీ పేడలో రావడం మానలేదు.

పట్టించిన దాణాకి గాలి తగిలితే తొందరగా ముక్కిపోతుంది, వానాకాలంలో బూజు పడుతుంది. అందుకే నేను వారానికి సరిపడా మాత్రమే పట్టిస్తాను. బూజు పట్టిన మొక్కజొన్నని మాత్రం మర పట్టి కలిపేద్దామనుకోకండి, నూరితే అందులోని విషం పోదు.

పేడ పరీక్షకి పిడికెడు పేడ, టీ జల్లెడ, చెంబుడు నీళ్లు చాలు. నేను ప్రతి సోమవారం మూడు నాలుగు పందులవి తీసి కడుగుతాను. ఈ వారం జల్లెడలో తవుడు పొట్టు తప్ప పసుపు ముక్కలు అయిదారుకి మించి రాలేదు, వీడియో చివర్లో చూపించాను.