టంకం ఎక్కడ పెట్టారు?

పాత నగలు కొనేవాళ్ల దగ్గర 'ఆర్కియలాజికల్ రివైవల్' అనే మాట వినిపిస్తుంది. 19వ శతాబ్దంలో తవ్వకాల్లో బయటపడ్డ గ్రీకు, రోమన్, ఎట్రుస్కన్ నగల్ని చూసి అప్పటి కంసాలులు చేసిన నగలన్నమాట. ఇందులో మొదట చెప్పాల్సింది రోమ్‌లోని కాస్టెల్లానీ కుటుంబం గురించి. ఫార్చునాటో పియో కాస్టెల్లానీ 1814లో షాపు పెట్టాడు. వాళ్ల నగల అందం ఫొటో చూస్తే తెలిసిపోతుంది. నన్ను పట్టుకున్నది మాత్రం వాళ్లకి ఎదురైన ప్రాబ్లమ్.

1836లో రోమ్‌కి దగ్గర్లోని చెర్వెటెరిలో ఒక ఎట్రుస్కన్ సమాధి తెరిచారు. క్రీ.పూ. 7వ శతాబ్దానిది. అందులో దొరికిన బంగారం మీద ఆవగింజ కంటే చాలా చిన్న బంగారు గింజలు వరసలు వరసలుగా అతికించి ఉన్నాయి. ఇలాంటి పనిని గ్రాన్యులేషన్ అంటారు. కొన్ని ఎట్రుస్కన్ నగల్లో గింజ సైజు మిల్లీమీటరులో ఐదో వంతు కూడా ఉండదు.

గింజ చేయడం పెద్ద కష్టం కాదు. సన్నని బంగారు తీగ ముక్కల్ని బొగ్గుపొడిలో కలిపి మూసలో వేడి చేస్తే, ప్రతి ముక్కా కరిగి నీటిబొట్టులా దానంతటదే గుండ్రంగా అయిపోతుంది. అతికించడమే అసలు కష్టం. మామూలుగా అయితే వెలిగారం రాసి, టంకం పెట్టి కరిగిస్తారు. కానీ ఇంత చిన్న గింజల మధ్య టంకం పారితే సందులన్నీ నిండిపోయి గింజలు అందులో మునిగిపోతాయి. పాత నగల్లో చూస్తే ఒక్కో గింజ ఒక్క చుక్క దగ్గరే అంటుకుని ఉంటుంది. మరి టంకం ఎక్కడ పెట్టారు?

కాస్టెల్లానీ వాళ్లు చాలా తిప్పలు పడ్డారు. సాంట్ ఆంజెలో ఇన్ వాడో అనే కొండ ఊళ్లో పల్లెటూరి ఆడవాళ్లకి పాత పద్ధతిలో నగలు చేసే పనివాళ్లు ఇంకా ఉన్నారని తెలిసి, కొందరిని రోమ్‌కి తీసుకొచ్చారు. చాలావరకు దగ్గరికి వచ్చారు గానీ అచ్చం అలా రాలేదు. పాతవాళ్ల దగ్గర మనకి తెలియని రసాయన పద్ధతి ఏదో ఉండి ఉంటుందని కొడుకు అలెస్సాండ్రో స్వయంగా ఒప్పుకున్నాడు. నగలు అమ్ముకునే మనిషి ఈ మాట అనడం నాకు భలే నచ్చింది. మన భాషలో చెప్పాలంటే అవుట్‌పుట్ దాదాపు అదే వచ్చింది, లోపలి కోడ్ మాత్రం వేరు.

దీనికి ఒక మంచి జవాబు 1930లలో ఇంగ్లండ్‌లో లిటిల్‌డేల్ ఇచ్చాడు. రాగి లవణాన్ని జిగురులో కలిపి, దాంతో గింజల్ని అంటించి వేడి చేయాలి. లవణం రాగి ఆక్సైడ్ అవుతుంది, జిగురు మాడి బొగ్గు అవుతుంది. ఆ బొగ్గు ఆక్సైడ్‌లోని ఆక్సిజన్‌ని లాగేసుకుంటే రాగి ఒక్కటే మిగులుతుంది. బంగారం కరగాలంటే 1064 డిగ్రీలు కావాలి. రాగి కలిసిన చోట మాత్రం సుమారు 900కే కరుగుతుంది. అంటే బయటి నుంచి టంకం పెట్టే పనే లేదు, గింజ తాకిన చోటే అది తయారవుతుంది! ఎట్రుస్కన్ల పద్ధతి ఇదొక్కటే అని మాత్రం అనుకోకూడదు. టంకమే లేకుండా వేడితో నేరుగా అతికించవచ్చు కూడా.

ఈ పని ఇటలీకే పరిమితం కాదు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో సుమారు క్రీ.పూ. 1వ శతాబ్దపు బంగారు చెవి నగల జత ఒకటి ఉంది. బహుశా ఆంధ్ర ప్రాంతానిదని మ్యూజియం రాసింది. వాటి మీద రెక్కల సింహం, ఏనుగు ఉంటాయి. ఫొటో జూమ్ చేసి ఆ జంతువుల ఒంటి మీద చూడండి, ఇవే గింజలు.