అప్పుడప్పుడూ మిస్ కొట్టే ఇంజన్

ప్రశ్న: నా దగ్గర 1992 మోడల్ మాజ్దా మియాటా ఉంది, 1.6 లీటర్ల ఇంజన్. వారాంతాల్లో తప్ప బయటికి తీయను. ఈమధ్య కొన్ని రోజులు బయల్దేరిన కొత్తలో జర్కులు కొడుతోంది. కాసేపటికి మామూలైపోతుంది. గ్యారేజీకి తీసుకెళ్తే అక్కడ ఒక్కసారీ మిస్ కొట్టదు. ప్లగ్గులు, ఫ్యూయల్ ఫిల్టర్ మార్చాను. ఇప్పుడు కాయిల్, ఇంజెక్టర్లు, సెన్సర్ అన్నీ మార్చేయమంటున్నారు. ఏం చేయాలి?
- ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: ముందు ఇంకేమీ కొనకండి. ఎప్పుడూ మిస్ కొట్టే ఇంజన్ కంటే అప్పుడప్పుడూ కొట్టేదే ఎక్కువ సమాచారం ఇస్తుంది. ఎప్పుడు కొడుతోంది, ఎప్పుడు మానేస్తోంది అన్నది రాసి పెట్టుకుంటే చాలు. మీరు రాసిన దాంట్లోనే సగం జవాబు ఉంది: చల్లగా ఉన్నప్పుడు మొదలై, వేడెక్కాక పోతోంది. గ్యారేజీకి చేరేసరికి ఇంజన్ వేడెక్కిపోతుంది, మెకానిక్‌కి ఏమీ దొరకదు. ఆ కొన్ని రోజులు వాన పడ్డవో, మంచు కురిసినవో గుర్తు చేసుకోండి. అవునంటే నా అనుమానం ప్లగ్ వైర్ల మీద.

కారణం ఇదీ. సిలిండర్‌లో ఒత్తిడి పెరిగేకొద్దీ ప్లగ్ దగ్గర స్పార్క్ దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. వైరు పై తొడుగు పాతబడి సన్నగా బీటలు వారితే, తేమ తగిలిన రోజున ఆ కరెంటు ప్లగ్ దాకా వెళ్లకుండా పక్కనున్న ఇనుముకు దూకేస్తుంది. ఇంజన్ వేడికి తేమ ఆరిపోతే మళ్లీ అంతా సవ్యం. ఈ కారులో కాయిల్ ఇంజన్ వెనక వైపు, డాష్‌బోర్డు గోడను ఆనుకుని ఉంటుంది. అక్కడి నుంచి 4 వైర్లు ముందుకు వస్తాయి. వీటి తొడుగులు గట్టిపడటం ఈ మోడల్‌కు బాగా తెలిసిన జబ్బు.

రెండు పరీక్షలు చేయండి. రోడ్డు ఖాళీగా ఉన్నచోట నాలుగో గేరులో ఇంజన్ వేగం 2,000 దగ్గర ఉండగా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. స్పార్క్‌కు అదే కష్టమైన పని. అక్కడ జర్క్ వచ్చి, నిలిపి ఉంచినప్పుడు మృదువుగా తిరిగితే లోపం స్పార్క్ వైపే ఎక్కువ. రెండోది రాత్రిపూట. ఆరుబయట, చీకట్లో ఇంజన్ ఆన్ చేసి బానెట్ ఎత్తి, వైర్ల మీద నీళ్లు తుంపరలుగా చల్లండి. లీకున్నచోట నీలం మెరుపులు కనిపిస్తాయి. ఆ వైర్లలో వేల వోల్టులు ఉంటాయి కాబట్టి చేత్తో ముట్టుకోవద్దు. రేడియేటర్ ఫ్యాన్ దానంతటదే తిరగొచ్చు, చొక్కా చేతులు దూరంగా ఉంచండి.

వైర్లు విప్పినప్పుడు ప్లగ్గుల గుంతల్లోకి టార్చి వేసి చూడండి. పైన కవర్ గాస్కెట్ కారితే నూనె అక్కడ చేరి వైరు చివరి రబ్బరును మెత్తబరుస్తుంది. అలా ఉంటే గాస్కెట్ మార్చకుండా కొత్త వైర్లు వేయడం వృథా. కొత్త ప్లగ్గుల గ్యాప్ కూడా కొలవండి. ఎన్‌జీకే ప్లగ్ నంబరు చివర 11 ఉంటే 1.1 మిల్లీమీటర్ల గ్యాప్ అని అర్థం. పెట్టెలో కింద పడ్డ ప్లగ్ గ్యాప్ మూసుకుపోతుంది.

వైర్లు మంచివే అని తేలితే టాకోమీటర్ ముల్లును గమనించండి. జర్క్‌తో పాటు ముల్లు కూడా ఒక్కసారిగా పడిపోతే ఒక సిలిండర్ లోపం కాదు, మొత్తం స్పార్కే ఆగిపోతోంది. అప్పుడు క్రాంక్ యాంగిల్ సెన్సర్, దాని కనెక్టర్, ఇగ్నైటర్ చూడాలి. నిలిపి ఉంచినప్పుడే కొట్టి, వేగం పెంచితే పోతే గాలి లీకు. అంతసేపూ బాగా నడిచి హైవే వేగంలో నీరసిస్తే పెట్రోలు వైపు.

స్కానర్ పెట్టి చూడమని ఎవరైనా అంటే, అమెరికాలో ఇప్పటి స్కానర్ల పద్ధతి తప్పనిసరి అయింది 1996 మోడళ్లతోనే. మీ కారు చెప్పే పాత కోడ్‌లు సెన్సర్ తెగిందా లేదా చెబుతాయి, మిస్‌ఫైర్ సంగతి చెప్పవు. కోడ్ లేదంటే లోపం లేదని కాదు. ఈసారి గ్యారేజీకి ముందురోజు సాయంత్రమే కారు ఇచ్చి, పొద్దున చల్లగా ఉన్నప్పుడు వాళ్లనే స్టార్ట్ చేయమనండి.

ప్రశ్న: మాది 1999 మియాటా. చెక్ ఇంజన్ లైటు వెలిగి ఆరుతోంది, కోడ్ పీ0303 వచ్చింది. ఇంటిదాకా నడపొచ్చా?
- ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: నడపకండి. లైటు మిణుకుతోందంటే కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలోకి వెళ్లి క్యాటలిటిక్ కన్వర్టర్‌ను మాడ్చే స్థాయిలో మిస్ కొడుతోందని. అది మార్చడానికి అయ్యే ఖర్చు ముందు ప్లగ్గుల ఖర్చు లెక్కలోది కాదు. టో చేయించండి.

మీ కోడ్ మూడో సిలిండర్‌ది. మూడో ప్లగ్‌ను ఒకటో సిలిండర్‌కు, దానిది దీనికి మార్చి చూడండి. కోడ్ పీ0301 అయితే దోషి ప్లగ్గే. అక్కడే నిలిచిపోతే మూడో వైరు చూడండి. పీ0302 కూడా జతగా వస్తే కాయిల్‌ను అనుమానించండి, ఎందుకంటే 2, 3 సిలిండర్లకు స్పార్క్ ఒకే కాయిల్ నుంచి వస్తుంది. ఇవేవీ కాకపోతే ఇంజెక్టర్, ఆ తర్వాత కంప్రెషన్ పరీక్ష. ప్లగ్గులు విప్పేది మాత్రం ఇంజన్ పూర్తిగా చల్లారాకే. సిలిండర్ హెడ్ అల్యూమినియంది, వేడి మీద విప్పితే మరలు చెడిపోతాయి.