కంపెనీ అమ్ముతారంటున్న వేళ, బుజ్జికి

చి. బుజ్జికి అత్తయ్య ఆశీస్సులు.

మీ మామయ్యకి మోకాలి నొప్పి కాస్త తగ్గింది, పొద్దున్నే పార్కు దాకా నడిచి వస్తున్నారు. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు సరిగ్గా తినడం లేదట. తెల్లవారుజామున నాలుగింటికి పికప్ ఉన్నా అర్ధరాత్రి దాటేదాకా మీ క్రూ గ్రూపులో మెసేజీలు చదువుతూ కూర్చుంటున్నావట. "కంపెనీ అమ్మేస్తారట వదినా, పిల్ల ఉద్యోగం ఉంటుందంటావా?" అని అడిగేటప్పటికి దాని గొంతు పూడుకుపోయింది.

ముందు ఒక మాట గట్టిగా అంటాను, పడు. నిద్రలేని కళ్లతో విమానం ఎక్కొద్దు. నూట ఎనభై మంది నిన్ను నమ్మి కూర్చుంటారు. ఏదైనా జరిగితే తొంభై సెకన్లలో వాళ్లందరినీ బయటికి పంపాల్సింది మీరే. నీకు మనసు బాగా లేదని ఆ సెకన్లు పెరగవు. సరే, తిట్టడం అయిపోయింది. నీ భయం నాకు తెలియనిది కాదమ్మా.

నేను బేగంపేటలో చెకిన్ కౌంటర్లో ఉన్న రోజుల్లో మా కంపెనీని కూడా ఎవరో కొంటున్నారని ఎప్పుడూ ఏదో ఒక మాట తిరుగుతుండేది. ఆ కంపెనీ పేరు ఇప్పుడెందుకులే. సూట్లు వేసుకున్న ఇద్దరు కొత్తవాళ్లు ఆఫీసు చూసి వెళ్తే కొనేవాళ్లొచ్చారనేవాళ్లం. ఒక విమానం రంగులు వేయించుకోవడానికి వెళ్తే, తోక మీద బొమ్మ మారిపోతుందని పందేలు కాసేవాళ్లం. యూనిఫాం బట్ట రావడం ఆలస్యమైతే కొత్త యూనిఫాం వస్తోందనేవాళ్లం. ముంబయి నుంచి వచ్చిన మేనేజరు ఎవరితో కలిసి టీ తాగాడన్నది కూడా సాయంత్రానికి వార్త అయ్యేది. మీరు గ్యాలీలో కర్టెన్ వేసుకుని చెప్పుకునేవీ ఇలాంటివే అయి ఉంటాయి. ఇందులో మీ తప్పేమీ లేదు. బేరం తెగేదాకా పైవాళ్లు నోరు విప్పరు. జీతం మీద బతికేవాళ్లు మరి ఏం చేస్తారు? దొరికిన గుర్తునల్లా పట్టుకుంటారు.

కానీ బుజ్జీ, ఆ గుర్తుల్లో పనికొచ్చేవి వేరే ఉంటాయి. జెట్ ఎయిర్‌వేస్ సంగతి చెప్తాను, అప్పటికి నువ్వింకా చదువుకుంటున్నావు. 2018 ఆగస్టులో ఆ కంపెనీ తన మూడు నెలల లెక్కలు ప్రకటించకుండా వాయిదా వేసింది. పైలట్లకీ ఇంజనీర్లకీ జీతాలు ఆలస్యం కావడం మొదలైంది. నవంబరు వచ్చేసరికి టాటాలు కొంటున్నారని దేశమంతా మోగిపోయింది, షేరు ధర ఎగిసింది. అదే నెల 16న టాటా సన్స్ ఒక ప్రకటన చేసింది: చర్చలు జరుగుతున్నాయి కానీ ప్రాథమిక దశలోనే ఉన్నాయి, ప్రతిపాదన ఏదీ ఇవ్వలేదు అని. అందులో మొదటి సగమే చాలామంది మనసుల్లో నిలిచింది. అక్కడికి నెలన్నరలో, డిసెంబరు 31న, జెట్ బ్యాంకులకు కట్టాల్సిన వాయిదా కట్టలేకపోయింది. ఆ తర్వాత లీజు బాకీల వల్ల విమానాలు ఒక్కొక్కటీ నిలిచిపోయాయి. 2019 ఏప్రిల్ 17 రాత్రి అమృత్‌సర్ నుంచి ముంబయికి బయలుదేరిన విమానమే ఆఖరుది. ఇరవై వేల మంది దాకా పనిచేసిన సంస్థ అది. తర్వాత దివాలా కోర్టులో కొంటామని ఒకరు ముందుకొచ్చారు. ఉద్యోగులు మళ్లీ ఆశపడ్డారు. అదీ ఏళ్ల తరబడి నడిచి నడిచి, చివరికి 2024 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆస్తులు అమ్మేయమంది.

ఎవరు కొంటారన్నది అందరూ మాట్లాడుకున్నారు. జీతం ఏ తేదీన పడుతోంది, పీఎఫ్ జమవుతోందా లేదా, ఎన్ని విమానాలు ఎగరకుండా నిలబడి ఉన్నాయి? నిజం చెప్పింది ఇవే. నువ్వు చూడాల్సినవీ ఇవే. మీ కంపెనీలో జీతాలు ఇప్పటిదాకా వేళకే పడుతున్నాయని మీ నాన్న చెప్పాడు. అది మంచి మాట. దాన్ని పట్టుకో.

పుకారు నిజమైనా మనం అనుకున్న రోజున నిజం కాదు. ఎయిర్ సహారా సంస్థను జెట్ కొంటుందని 2006 జనవరిలో ప్రకటించారు. జూన్‌కల్లా బేరం చెడిపోయింది. మళ్లీ 2007 ఏప్రిల్‌లో 1,450 కోట్లకు కుదిరింది. ఆ మధ్య కాలంలో అక్కడ పనిచేసినవాళ్ల ఇళ్లలో పెళ్లిళ్లు, అద్దెలు, పిల్లల ఫీజులు ఏవీ ఆగలేదు కదా. ఎయిరిండియాను 2018లో అమ్మకానికి పెడితే ఒక్కరూ ముందుకు రాలేదు. అదే సంస్థను 2021 అక్టోబరులో టాటాలు గెలుచుకున్నారు, 2022 జనవరి 27న చేతిలోకి తీసుకున్నారు. ఈ తేదీలు సరిగ్గా ఊహించినవాళ్లని నేను చూడలేదు.

కాబట్టి మీ గ్రూపులో తిరుగుతున్న పేర్ల సంగతి వదిలెయ్. ఎవరు కొంటారన్నదాని కంటే ఎలా కొంటారన్నది నీకు ముఖ్యం. కంపెనీ వాటాలు కొంటే యజమాని మారతాడు గానీ, నీకు అపాయింట్‌మెంట్ లెటర్ ఇచ్చిన కంపెనీ అదే కంపెనీగా ఉంటుంది, నీ సర్వీసు నడుస్తూనే ఉంటుంది. అలా కాక వ్యాపారాన్ని మాత్రం వేరే కంపెనీకి బదిలీ చేస్తే, నిన్ను ఏ షరతుల మీద తీసుకుంటున్నారో చూసుకోవాలి. సర్వీసు తెగకూడదు, షరతులు తగ్గకూడదు, పాత ఏళ్లన్నీ కొత్త యజమాని లెక్కలో ఉండాలి. లేదంటే పరిహారం ఇవ్వాలి అని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోనే కార్మికుల కోసం రాసిపెట్టారు. కొత్త లేబర్ కోడ్‌లోనూ ఆ పద్ధతి ఉంచారు. మీ క్రూకి అది ఎంతవరకు వర్తిస్తుందో మీ అసోసియేషన్ వాళ్లతో కూర్చుని అడుగు. కానీ ఒకటి మాత్రం నా మాటగా గుర్తుపెట్టుకో: "ముందు రాజీనామా ఇవ్వండి, కొత్త లెటర్ ఇస్తాం" అని ఎవరైనా అంటే, పాత సర్వీసు కొనసాగుతుందని కాగితం మీద రాసి ఇచ్చేదాకా సంతకం పెట్టకు. ఎంత మంచిగా నవ్వుతూ అడిగినా పెట్టకు. వచ్చే ఏడాదితో నీకు ఐదేళ్లు నిండుతాయి, గ్రాట్యుటీ వస్తుంది. ఇంత దగ్గరికొచ్చి దాన్ని వదులుకుంటావా?

రెండు కంపెనీలను కలిపితే సీనియారిటీ గొడవ ఎంత కాలం నలుగుతుందో కూడా నీకు తెలియాలి. ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ని ఎయిరిండియాతో 2007లో కలిపారు. జీతాల తేడాల మీద 2011లో పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు సమ్మెకు దిగారు. రెండు వైపుల హోదాలూ జీతాలూ ఎలా సరిపోల్చాలో తేల్చడానికి జస్టిస్ ధర్మాధికారి కమిటీ వేయాల్సి వచ్చింది, దాని నివేదిక 2012లో వచ్చింది. కలిపిన అయిదేళ్లకు! ఒకే విమానాశ్రయంలో పక్కపక్క కౌంటర్లలో నిలబడ్డవాళ్లు అన్నాళ్లూ మేము, మీరు అనుకుంటూ గడిపారు. చూడ్డానికే బాధగా ఉండేది. రేపు మీరూ ఇంకో కంపెనీ క్రూతో కలిసి పనిచేయాల్సి వస్తే, అటువైపు పిల్లల మీద కోపం పెంచుకోకు. వాళ్లూ నీలాగే నిద్రపోకుండా ఉండి ఉంటారు.

జీతం మొత్తం చూసి మురిసిపోకు. అందులో ఎగిరినా ఎగరకపోయినా వచ్చేదెంత, గంటల మీద వచ్చేదెంత అన్నది విడదీసి చూడు. విస్తారా ఎయిరిండియాలో విలీనం కావడానికి ముందు, 2024 వసంతంలో, అక్కడి పైలట్లు కలత చెందింది దీనికే. డెబ్బై గంటలకు ఖాయంగా వచ్చే జీతం కొత్త పద్ధతిలో నలభై గంటలకు తగ్గింది. చాలామంది ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టారు, ఎన్నో విమానాలు రద్దయ్యాయి. మీ ఫ్లయింగ్ అలవెన్స్ కూడా ఇలాంటిదే కదా.

ఇక ఈ ఆదివారం నీకు ఆఫ్ అని మీ అమ్మ చెప్పింది. సినిమాకి తర్వాత వెళ్దువు గానీ, ముందు నీ కాగితాలన్నీ దించుకో. అపాయింట్‌మెంట్ లెటరు, కన్ఫర్మేషన్, పే స్లిప్పులు, ఫారం 16, సెలవుల లెక్క, ట్రైనింగు రికార్డులు, మెడికల్స్, అన్నీ. కంపెనీ పోర్టల్ ఒకసారి మూతపడితే నీ సొంత పే స్లిప్పు నీకు దొరకదు. కంపెనీ మెయిల్‌లో దాచుకోవద్దు, సొంత మెయిల్‌లో పెట్టుకో, ఇంకో ప్రతి మీ నాన్న దగ్గర ఉంచు. పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి నెల నెలా చూడు. ఏ నెల పీఎఫ్ అయినా తర్వాతి నెల పదిహేనో తేదీలోపు కంపెనీ కట్టాలి. ఒక నెల తప్పితే ఆ రోజే హెచ్ఆర్‌కి రాతపూర్వకంగా అడుగు. మర్యాదగానే అడుగు, కానీ అడుగు.

కొత్తగా ఏ లోనూ తీసుకోకు. నువ్వు కొందామనుకుంటున్న ఫ్లాట్ గురించి ఆరు నెలలు ఆగు తల్లీ. ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో కనిపించేదాకా ఆగు. ఇంకో చోట ఇంటర్వ్యూకి పిలిస్తే మాత్రం వెళ్లు. వెళ్లినంత మాత్రాన ఇక్కడివాళ్లకి ద్రోహం చేసినట్టు కాదు.

మీ తమ్ముడు మీ కంపెనీ షేర్లు కొంటానంటున్నాడట, నువ్వేదో విన్నావని. వద్దని గట్టిగా చెప్పు. నువ్వు డ్యూటీలో విన్న మాట ఉత్తిదైతే వాడి డబ్బు పోతుంది. నిజమైతే సెబీ నియమాల ప్రకారం మీ ఇద్దరికీ చిక్కు. ప్యాసింజర్లు అడిగినా అంతే, "మాకు చెప్పినప్పుడు మీకూ చెప్తాం" అని నవ్వి ఊరుకో. ఆ గ్రూపులో వచ్చినవి నువ్వు ముందుకు పంపకు. నీ ఒక్క ఫార్వర్డు వల్ల ఇంకో పిల్ల తిండి మానేస్తుంది.

ఇంకొకటి ఉంది బుజ్జీ. కంపెనీ పేరు పోతుందేమోనని కూడా నీకు దిగులుగా ఉందని నాకు తెలుసు. మొదటిసారి ఆ యూనిఫాం వేసుకుని మా ఇంటికి వచ్చి గిరగిరా తిరిగి చూపించావు, మామయ్య ఫోటో తీశారు. ఆ దిగులు చిన్నదని ఎవరైనా అంటే నమ్మకు. ఏడవాలనిపిస్తే ఏడువు. కానీ నువ్వు నేర్చుకున్న పని నీదే. తలుపు మూయడం, భయపడ్డవాళ్లని కూర్చోబెట్టడం, పసిపిల్లల తల్లులకి సాయం చేయడం, ఇవేవీ ఆ యూనిఫాంతో పాటు పోవు.

ఈ ఉత్తరానికి జవాబులో కబుర్లు ఎన్ని రాసినా సరే, మూడు విషయాలు మాత్రం తప్పక రాయి: నువ్వు ఉద్యోగంలో చేరిన తేదీ, కన్ఫర్మ్ అయిన తేదీ, పీఎఫ్ ఆఖరున జమైన నెల. ఈసారి హైదరాబాదులో రెండు రోజులు ఖాళీ దొరికితే ఇంటికి రా, ఆ కాగితాలన్నీ ముందేసుకుని ఇద్దరం ఒక్కొక్కటే చదువుదాం.

ప్రేమతో,
నీ అత్తయ్య