పగటి నిద్రకు చీకటి గది

రాత్రి యంతయు పనిచేసి, ఊరు మేల్కొను వేళకు ఇల్లుచేరి పండుకొనువారు మన చుట్టును అనేకులు గలరు. ఆసుపత్రుల నర్సులు, రైలు స్టేషను మాస్టర్లు, సింగరేణి గనుల కార్మికులు, విశాఖపట్టణపు ఉక్కు కర్మాగారమువారు, అమెరికా దేశపు పగటివేళలకు సరిపడునట్లు హైదరాబాదులో రాత్రులు పనిచేయు కార్యాలయములవారు – వీరి బిడ్డలు మన తరగతులలో కూర్చుండువారే. వీరికి పగటి నిద్ర సోమరితనము కాదు, మరునాటి పనికి పెట్టుబడి. అద్దె గదిలో ఆ నిద్రకు వలసిన చీకటిని సంపాదించు విధమును మేము నేర్చుకొన్నంతవరకు ఇచట వ్రాయుచున్నాము.

ఈ పాఠము మాకు పుస్తకమున దొరకలేదు. తొమ్మిదవ తరగతి బాలుడొకడు ఇంటిపని చేయక వచ్చుచుండగా పలుమారులు మందలించితిమి. వాడు తల వంచుకొనెనే గాని బదులు చెప్పలేదు. పిదప ఇంటికి పోయి చూచితిమి. ఒకటే గది. తల్లి రాత్రి డ్యూటీ నర్సు. తూర్పు కిటికీ ఎండ తిన్నగా మంచముమీద పడుటచే ఉదయము ఆమెకు నిద్రపట్టదు. అందుచే సాయంకాలము మరల పండుకొనును. ఆ వేళ దీపము వేయుటకు జంకి బాలుడు మెట్లమీద కూర్చుండి, వెలుగున్నంతవరకే చదువుకొనుచుండెను. ఆమె రెండు మారులు బస్సులో నిద్రపోయి దిగవలసిన చోటు దాటిపోయినదట. ఉద్యోగము మానుకొందునా యని ఆలోచించుచుండెను. మా మందలింపును తలచుకొని మేమే సిగ్గుపడితిమి.

ఎండకును నిద్రకును గల వైరమేమి? 1729వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమున ద మెరాన్ అను శాస్త్రజ్ఞుడు అత్తిపత్తి వంటి మొక్కను చీకటిలో నుంచి చూచెను. సూర్యుని చూడకున్నను అది పగలు ఆకులు విప్పి రాత్రి ముడుచుకొనెను. జీవులలోపల గడియారమొకటి కలదని ఇట్లు తోచినది. ఆ గడియారము జీవకణములలో నడచు విధమును కనుగొన్నందుకే 2017లో హాల్, రాస్‌బాష్, యంగ్ అను ముగ్గురు అమెరికనులకు నోబెలు బహుమానము వచ్చెను. మనకు అది మెదడులో, కంటి నరములు కలియు చోటికి కొంచెము పైన ఉన్నది. దానిని ప్రతిదినము సరిదిద్దునది వెలుగు. కంటి వెనుకటి పొరలో చూపుకొరకు గాక, వెలుగెంత యున్నదో కొలుచుటకే కొన్ని కణములు గలవు. పగటి ఆకాశపు నీలి వెలుగు వానిని మిక్కిలి కదల్చును. చీకటివేళ మెదడులోని చిన్న గ్రంథి యొకటి మెలటోనిన్ అను పదార్థమును విడుచును. కంటికి వెలుగు సోకినచో అది తగ్గిపోవును.

కన్ను మూసికొన్న చాలదా యని కొందరందురు. ఎండలో నిలిచి కన్నులు మూసి, ముఖము ముందు చేయి ఆడించి చూడుడు. నీడ కదలుట తెలియును. రెప్ప పలుచని తెరయే గాని తలుపు కాదు.

మధ్యాహ్నపు ఎండ వెలుగు లక్ష లక్సుల వరకు ఉండును. పున్నమి వెన్నెల ఒక లక్సైనను ఉండదు. కనుక వచ్చు వెలుగులో నూటికొక వంతు లోపలికి చొచ్చినను వెన్నెలకంటె వేయి రెట్లగును. దళసరి తెర కొని, దాని ప్రక్కల నాలుగేసి వ్రేళ్ల సందు విడుచువారు డబ్బు వృథా చేయుచున్నారు. గుడ్డకంటె సందే ముఖ్యము.

ఇంటి యజమాని మేకు కొట్టవద్దనెను, రంగు పూయవద్దనెను. గోడకు జిగురుపట్టీ అంటించిన సున్నము ఊడివచ్చును, అడ్వాన్సులో కోత పడును. అద్దమునకే నల్ల కాగితము అతికించినచో ఎండకు మిక్కిలి వేడెక్కి అద్దము పగులవచ్చును. కాబట్టి రెఫ్రిజిరేటరు వచ్చిన పెద్ద అట్టపెట్టెను దుకాణమున అడిగి తెచ్చి, కిటికీ గూటికి సరిపడ కోసితిమి. వెలుపలి వైపున తెల్ల కాగితమును, లోపలి వైపున నల్ల గుడ్డయు అంటించి, అంచుల చుట్టును పాత నూలుచీర చుట్టి, బిగుతుగా నొక్కి నిలిపితిమి. లాగిన ఊడివచ్చును, ఆపద వేళ కిటికీ తెరచుటకు అడ్డులేదు. తలుపు క్రిందికి ఇసుక నింపిన గుడ్డగొట్టము. పిదప బాలురు పది నిమిషములు లోపల చీకటిలో కూర్చుండి, కన్ను అలవాటు పడిన వెనుక కనబడిన ప్రతి వెలుగు చుక్క చుట్టును సుద్దతో గీత గీసిరి. పరీక్షలలో కూడ వారింత శ్రద్ధ చూపరు.

అయినను మొదటి దినము ఆమె చెమటతో తడిసి లేచినది. చీకటి వచ్చెను గాని గాలి పోయెను. తప్పు మాదే. అప్పుడు భౌతికశాస్త్రపు మొదటి పాఠమే మాకు దారి చూపినది: వెలుగు తిన్నగా పోవును, గాలి వంకర తిరుగును. ఒక అట్టకు బదులు రెండు అట్టలు, నడుమ బెత్తెడు ఎడముతో అమర్చితిమి. వెలుపలి దానికి అడుగున సందు, లోపలి దానికి పైన సందు. నడిమి ముఖములకు మెరుపులేని నల్లరంగు పూసితిమి. గాలి క్రింద దూరి, పైకెక్కి, గదిలోనికి దిగును. వెలుగు నల్లని గోడలకు తగిలి అచటనే ఇంకిపోవును. ఫోటోలు కడుగు చీకటి గదులకు గాలి నిచ్చుటకు ఈ ఉపాయమునే వాడెడివారు. పైనున్న వెంటిలేటరుకును ఇట్టిదే యొకటి చేసితిమి. కిటికీ వెలుపల ఊచలకు త్రాటితో వెదురు తడిక కట్టితిమి, ఏలయన లోనికి వచ్చిన వేడిని ఆపుటకంటె వెలుపలనే ఆపుట మేలు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి మాత్రము ఎన్నడును ఉంచరాదు; దాని పొగ కనబడకయే ప్రాణము తీయును.

గది వెదకువారికి ఒక మాట. ఉత్తరపు కిటికీకి ఎండ రాదని ఎల్లరు నమ్ముదురు. మన రెండు రాష్ట్రములును కర్కటరేఖకు దక్షిణముననే యున్నవి. కావున జూను మాసమున మధ్యాహ్న సూర్యుడు మనకు ఉత్తరమున నుండును; ఆ నెలలో ఉదయ సాయంకాలముల ఏటవాలు ఎండ ఉత్తరపు కిటికీలో దూరును.

చీకటి ఒక్కటియే సర్వమును చక్కబరచునని మేము చెప్పము. లోపలి గడియారము పగలును పగలనియే లెక్కించును గాన, పగటి నిద్ర రాత్రి నిద్రంత పొడుగు సాగదు. వీధిలో కూరలబండి కేకకు అట్టముక్క అడ్డుకాదు. ఐనను ఆమె ఇప్పుడు బాలుడు బడిలోనున్న వేళనే నిద్రించి, వాడు వచ్చుసరికి లేచి అన్నము వండుచున్నది. ఉద్యోగము మానలేదు. సాయంకాలము గదిలో దీపము వెలుగుచున్నది.

సుద్ద గీతలలో ఒకదానిని మాత్రము మూయవద్దని వాడు మమ్ము బ్రతిమాలెను. అది మేకు దూరునంత రంధ్రము. తల్లి నిద్రించునపుడు దానికి గుడ్డపీలిక కుక్కును. ఆదివారము మధ్యాహ్నము ఆమె మేల్కొనియున్న వేళ ఆ పీలికను తీయును. అప్పుడు ఎదుటి గోడమీద వీధి యంతయు తలక్రిందులుగా పడును: ఆకాశము అడుగున, ఆటోలు పైన, అరటిపండ్ల బండి చక్రములు పైకెత్తుకొని మెల్లగా కుడినుండి ఎడమకు పోవును. పోయిన వారము తల్లియు వానితో కూడ కూర్చుండి చూచినదట.