వేలం ప్రకటన రాకముందే కొనొచ్చా?

ప్రశ్న: రాయ్‌పూర్‌లో మా వీధిలో ఒక పాడుబడ్డ ఇంటికి ప్రభుత్వ బ్యాంకు స్వాధీనం నోటీసు అంటించింది. వేలానికి ముందే కొనే దారి ఉందా?
- ఒక పాఠకుడు, రాయ్‌పూర్

జవాబు: ఉందండీ. నన్నడిగితే ముందు ఇంటి యజమానితోనే మాట్లాడండి. 2002 నాటి సర్ఫేసీ చట్టం సెక్షన్ 13(13) ప్రకారం, బాకీ కట్టమనే డిమాండ్ నోటీసు అందాక ఆయన బ్యాంకు లిఖితపూర్వక అనుమతి లేకుండా ఆ ఇల్లు అమ్మకూడదు. అనుమతి ఉంటే అమ్మొచ్చు. బాకీ ఎంతో బ్యాంకు నుంచి కాగితం మీద తీసుకోండి. ఆ సొమ్ము నేరుగా రుణ ఖాతాకే కట్టండి, యజమాని చేతికి ఇవ్వొద్దు. అసలు దస్తావేజులు, నిరభ్యంతర పత్రం మీకు అందేలా ముందే రాయించుకోండి. వేలం కన్నా ఆయనకూ నాలుగు రూపాయలు ఎక్కువ మిగలొచ్చు. ఇల్లు పోగొట్టుకుంటున్న మనిషి, మర్యాదగా మాట్లాడండి.

బ్యాంకే ప్రైవేటు ఒప్పందంతో అమ్మడానికీ నిబంధనల్లో వీలుంది. అప్పుడు కూడా అప్పుదారుకు 30 రోజుల నోటీసు తప్పదు. రిజర్వు ధర కూడా రాకపోతే, అంతకు తక్కువకు అమ్మడానికి ఆయన సమ్మతీ కావాలి.

‘లిస్టులోకి రాకముందే ఇప్పిస్తా’ అనే దళారీకి ఒక్క రూపాయి అడ్వాన్సు ఇవ్వకండి!

స్వాధీనం కాగితాల వరకేనా, తాళాలు నిజంగా బ్యాంకు దగ్గర ఉన్నాయా అని అడగండి. జబల్‌పూర్ రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌లో కేసుందేమో వకీలుతో చూపించండి. ఆస్తిపన్ను, కరెంటు బకాయిలు, మరమ్మతు ఖర్చు లెక్కేశాకే ధర చెప్పండి.