వ్యాను క్రింద వెర్నియర్

లారీ వెనుక చక్రాల దగ్గర ఒకదానిపై ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల కట్టను మీరు చూసే ఉంటారు. దానిని మన మెకానిక్కులు కమాను కట్ట అంటారు. చక్రం గతుకులో పడి లేచినప్పుడల్లా ఆ పట్టీలు వంగి, మళ్లీ యథాస్థితికి వస్తాయి. ఇప్పుడు ఒక పాత ఫోక్స్‌వాగన్ వ్యాను క్రిందికి తొంగి చూద్దాం. 1950లో జర్మనీలో తయారీ మొదలై, బ్రెజిల్‌లో 2013 వరకు తయారైన రొట్టె ఆకారపు వ్యాను ఇది. దీని వెనుక భాగంలో కమాను కట్ట లేదు. చుట్టల స్ప్రింగు కూడా లేదు. అడ్డంగా ఒక లావుపాటి గొట్టం మాత్రం కనబడుతుంది. మరి స్ప్రింగు ఏది?

ఆ గొట్టంలోనే ఉంది. కుడి చక్రానికి ఒకటి, ఎడమ చక్రానికి ఒకటి చొప్పున రెండు గుండ్రని ఉక్కు కడ్డీలు అందులో ఉంటాయి. ప్రతి కడ్డీ లోపలి కొన గొట్టం మధ్యలో కదలకుండా బిగించి ఉంటుంది. బయటి కొనకు ఒక చదునైన ఉక్కు పలక తగిలించి ఉంటుంది. ఆ పలక వెనుకకు సాగి ఇరుసును పట్టుకుంటుంది. చక్రం పైకి లేస్తే పలక తిరుగుతుంది. కడ్డీ, తడిబట్టను పిండినట్లు మెలిపడుతుంది. మెలి కోణం రెట్టింపైతే కడ్డీ ఎదురు తిరిగే బలభ్రామకమూ రెట్టింపవుతుంది. సాగే తీగకు మీరు చదువుకున్న హుక్ నియమమే ఇక్కడా పనిచేస్తుంది. ఈ కడ్డీని టార్షన్ బార్ అంటారు.

ఏళ్లు గడిచేకొద్దీ పలక తిరిగే చోట ఉన్న రబ్బరు బుష్‌లు గట్టిపడి పగులుతాయి. వ్యాను ఒక ప్రక్కకు ఒరుగుతుంది, కిర్రుమంటుంది. బుష్‌లు మార్చాలంటే పలకను ఊడదీయాలి. ప్రమాదం ఉన్నది ఇక్కడే. వాహనాన్ని స్టాండ్లపై నిలిపి, షాక్ అబ్సార్బరును, ఇరుసును విడదీసినా కడ్డీలోని మెలి పూర్తిగా పోదు. పలక క్రింది అంచు ఒక చిన్న మెట్టుపై ఆగి ఉంటుంది. అంటే ఏ బరువూ లేనప్పుడు కూడా కడ్డీలో కొంత స్థితిశక్తి దాగి ఉంటుందన్నమాట. మెట్టు తప్పించగానే పలక ఒక్కసారిగా క్రిందికి కొడుతుంది. మధ్యలో చేయి ఉంటే ఎముకలు విరుగుతాయి. అందుకే అనుభవం గలవారు పలకకు జాకీ ఆనించి, గొలుసుతో కట్టి, మెల్లగా దించుతారు. ఇది మీరు చేసే పని కాదు.

మెలి పూర్తిగా వదిలిన తరువాత పలక ఎంత వాలి ఉందో కోణమానినితో కొలిచి రాసుకోవాలి. తిరిగి బిగించేటప్పుడు ఆ కోణం సరిగా రాకపోతే వ్యాను ఒరిగే ఉంటుంది. కాని కడ్డీ కొనలు పళ్లు పళ్లుగా ఉంటాయి. పన్ను పన్ను చొప్పున జరపవలసిందే. సగం పన్ను జరపడం కుదరదు. ఇదే కుటుంబానికి చెందిన బీటిల్ కారు కడ్డీని ఉదాహరణగా తీసుకుందాం. లోపలి కొనకు 40 పళ్లు. ఒక్క పన్ను జరిపితే 360/40, అంటే 9 డిగ్రీలు. పలక పొడవు 40 సెంటీమీటర్లు అనుకుంటే దాని చివర 6 సెంటీమీటర్లకు పైగా కదులుతుంది! ఇంత పెద్ద అడుగుతో ఏం సరిచేస్తాం?

ఇంజనీరు ఉపాయం చూడండి. బయటి కొనకు 40 కాక 44 పళ్లు పెట్టాడు. అక్కడ ఒక పన్ను విలువ 360/44, అంటే సుమారు 8 డిగ్రీల 11 నిమిషాలు. లోపలి కొనను ఒక పన్ను ముందుకు, బయట పలకను ఒక పన్ను వెనుకకు జరిపితే మిగిలే తేడా దాదాపు 49 నిమిషాలు మాత్రమే. ఒక్క డిగ్రీ కూడా లేదు. పలక చివర కదలిక అర సెంటీమీటరు పైచిలుకు.

ఈ లెక్క ఎక్కడో చూసినట్లు లేదూ? వెర్నియర్ కాలిపర్సులో ప్రధాన స్కేలు విభాగం 1 మిల్లీమీటరు, వెర్నియర్ విభాగం 0.9 మిల్లీమీటరు, కనీసపు కొలత 0.1 మిల్లీమీటరు. అక్కడ పొడవులో చేసినదే ఇక్కడ కోణంలో చేశారు. "ఈ వెర్నియర్ పరీక్షకు తప్ప ఎందుకండీ?" అని ఏటా ఎవరో ఒకరు నన్ను అడుగుతుంటారు. ఇకపై వ్యాను చూపిస్తాను.

బిగించేటప్పుడు మరికొన్ని జాగ్రత్తలున్నాయి. కుడి, ఎడమ కడ్డీలను తారుమారు చేయకూడదు. తయారీలోనే వాటిని చెరొక దిశలో మెలితిప్పి ఆ దిశకు అలవాటు చేస్తారు కనుక కొనలపై గుర్తులుంటాయి. కడ్డీపై గీత పడనీయరాదు. వేలసార్లు మెలిపడే ఉక్కులో పగులు అలాంటి గీత దగ్గరే మొదలవుతుంది. పళ్లకు గ్రీజు రాస్తారు కాని రబ్బరుకు రాయరు. గ్రీజు రబ్బరును ఉబ్బించి పాడుచేస్తుంది. అందుకని టాల్కం పౌడరు చల్లుతారు.

మీరు ఇంట్లో చేసి చూడండి. రెండు గుండ్రని అట్టముక్కలు కత్తిరించి, ఒకదాని అంచున సమాన దూరాలలో 10 గీతలు, రెండవదాని అంచున 12 గీతలు గీయండి. రెంటినీ మధ్యలో గుండుసూదితో గుచ్చి, ఒకదానిని ఒక గీత ముందుకు, మరొకదానిని ఒక గీత వెనుకకు తిప్పి తేడా కొలవండి. 6 డిగ్రీలు రావాలి.