కొత్త ఇంగ్లీషు మాటలు తెలుసుకుందాం



వర్ధన్నపేట హాస్టల్లో చదువు ముగించుకుని పని కోసం హైదరాబాదు చేరిన కొత్తలో, రూములో ఒకతను "షి గోస్టెడ్ మి" అని బాధపడుతుంటే, దయ్యం పట్టిందేమో అనుకున్నాం. అందరూ నవ్వారు. ఆ తర్వాత తెలియని మాట వచ్చినా అడగడానికి సిగ్గుపడి తల ఊపేవాళ్ళం. ఆ తిప్పలు మీకు వద్దని నాలుగు మాటలు చెబుతున్నాం.

1. గోస్ట్: నామవాచకమైతే దయ్యం. క్రియగా వాడితే, కారణం చెప్పకుండా ఫోన్లకు, మెసేజీలకు జవాబివ్వడం మానేసి మాయం కావడం. మనం "ముఖం చాటేసిండు" అంటామే, అదే. అమెరికాకు చెందిన మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువు 2017లో ఈ అర్థాన్ని చేర్చుకుంది.

2. లెఫ్ట్ ఆన్ రెడ్: మెసేజీ చదివి కూడా జవాబివ్వకపోవడం. 2014లో వాట్సాప్‌లో నీలం టిక్కులు వచ్చాక ఈ బాధ అందరికీ తెలిసింది. ఇది "రీడ్" క్రియకు మూడో రూపం. స్పెల్లింగు మారదు, కానీ "రెడ్" అని పలకాలి.

3. గ్యాస్‌లైటింగ్: ఎదుటివాడు తన తప్పు దాచుకోవడానికి "అట్లేం జరగలేదు, నీకే భ్రమ" అని పదేపదే చెప్పి, మన మీద మనకే నమ్మకం పోయేలా చేయడం. 1938లో ప్యాట్రిక్ హామిల్టన్ రాసిన "గ్యాస్ లైట్" నాటకంలో భర్త భార్యను ఇలాగే వేధిస్తాడు. 2022లో మెరియం-వెబ్‌స్టర్ దీన్ని ఆ సంవత్సరపు మాటగా ఎంపిక చేసింది. ఒక్కసారి చెప్పిన అబద్ధాన్ని ఇలా అనరు.

4. రెడ్ ఫ్లాగ్: మన ఓరుగల్లులో ఎర్రజెండా అంటే ఉద్యమాలు గుర్తొస్తాయి. ఇక్కడ మాత్రం రైలును ఆపే ఎర్రజెండా అనుకోండి. స్నేహంలో, ప్రేమలో ముందే కనిపించే ప్రమాద సూచన. మాటిమాటికీ మన ఫోను లాక్కుని చూడటం అలాంటిదే.

ఒక జాగ్రత్త. ఇవి స్నేహితుల మధ్య వాడే మాటలు. పరీక్షలో, సెలవు చీటీలో, ఇంటర్వ్యూలో వాడొద్దు. కంపెనీ నుంచి జవాబు రాకపోతే "ఐ హావ్ నాట్ రిసీవ్డ్ ఎ రిప్లై" అని మర్యాదగా రాయాలి.

చివరగా మా సంగతి. మా బ్యాచ్‌లో ఇంటర్ తప్పి ఊళ్ళోనే ఉండిపోయిన మిత్రుడొకడు ఏదైనా పని చూడమని చాలాసార్లు ఫోన్ చేశాడు. ఏం చెప్పాలో తెలియక ఎత్తడం మానేశాం. అప్పుడు గోస్టింగ్ అనే మాట మాకు తెలియదు, చేసింది మాత్రం అదే. చాలా ఏళ్ళ తర్వాత ఒక దసరాకు వాళ్ళింటికి వెళ్తే, "మీరు బిజీగున్నరేమో అనుకున్న" అన్నాడు. మాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

తమ్ముళ్ళూ, తెలియని మాట వస్తే సిగ్గుపడకుండా అడగండి. హాస్టల్ వదిలాక ఒకే వరుసలో కూర్చుని తిన్నవాడు ఫోన్ చేస్తే తప్పక ఎత్తండి. సాయం చేయలేకపోతే ఆ మాటే చెప్పండి.

ఇట్లు,
మీ పూర్వ విద్యార్థులు